కిలౌయా బులెటిన్, గ్రాఫులు, కెమెరాలు: హవాయి అగ్నిపర్వత పరిశీలనా కేంద్రం ఉచిత సేవపై రివ్యూ

అమెరికా జియొలాజికల్ సర్వే కింద హవాయి పెద్ద దీవిలో పనిచేసే అగ్నిపర్వత పరిశీలనా కేంద్రాన్ని అందరూ పొట్టిగా హెచ్‌వీఓ అంటారు. థామస్ జాగర్ 1912లో మొదలుపెట్టిన సంస్థ. అక్కడి కిలౌయా అగ్నిపర్వతం మీద వీళ్లు రోజూ విడుదల చేసే బులెటిన్, వెబ్‌సైటులో నడిచే గ్రాఫులు, లైవ్ కెమెరాలు, ఈమెయిల్ హెచ్చరికలు, వారం వారం వచ్చే 'వాల్కనో వాచ్' వ్యాసం, ఇవన్నీ కలిపి ఒక సేవగా లెక్కేసి రాస్తున్న రివ్యూ ఇది. ధర లేదు, లాగిన్ లేదు, ప్రకటనల బెడద లేదు. రేటింగ్ ఐదుకి నాలుగున్నర.

ఆ అర మార్కు ఎందుకు తగ్గిందో ముందే చెప్పడం మంచిది. రిఫ్ట్ జోన్‌లో, అంటే కొండ శిఖరం నుంచి పక్కలకు సాగే పగుళ్ల పట్టీలో, లావా ఎక్కడ బయటికొస్తుంది, ఎంత జోరుగా వస్తుంది, ఎన్నాళ్లు వస్తుంది అన్నవి ప్రధానంగా రెండు విషయాల మీద ఆధారపడతాయి. ఒకటి మాగ్మా, అంటే నేల లోపల కరిగి ఉన్న రాతి కూర్పు: అందులో సిలికా ఎంత, మెగ్నీషియం ఎంత, వాయువు ఎంత, వేడి ఎంత. రెండోది అది నిల్వ ఉన్న గదులు, నడిచొచ్చిన దారులు. ఈ రెండోదాన్ని హెచ్‌వీఓ నిమిషాల తేడాతో కళ్లకు కట్టిస్తుంది. ఇంత వివరంగా చూపించే ఉచిత సేవలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొదటిదాని దగ్గరకొచ్చేసరికి మాత్రం పాఠకుడు వెతుక్కోవాలి. రసాయన విశ్లేషణ ఫలితాలు, నేల వంపును చూపించే వాలు గ్రాఫులా రోజూ ముందుకు రావు. విడి వ్యాసాల్లో, డేటా విడుదలల్లో, పరిశోధన పత్రాల్లో చెదురుమదురుగా ఉంటాయి. కిలౌయా చరిత్రలో అతి ముఖ్యమైన మలుపును చెప్పింది రసాయనమే కాబట్టి ఈ లోటు చిన్నది కాదు.

వాడుకలో తెలుసుకోవాల్సినవి ముందు. ఈమెయిల్ హెచ్చరికల కోసం 'వాల్కనో నోటిఫికేషన్ సర్వీస్'లో పేరు నమోదు చేసుకుని కిలౌయా, అదే దీవిలోని మరో అగ్నిపర్వతం మౌనా లోవా ఎంచుకుంటే చాలు. రోజువారీ బులెటిన్ హవాయి పొద్దున వస్తుంది. మనం వాళ్లకంటే పదిహేనున్నర గంటలు ముందున్నాం, అంటే అక్కడ ఉదయం 9 గంటలకు ఇక్కడ రాత్రి 12:30. హెచ్చరికలో రెండు మాటలు జంటగా ఉంటాయి. నేల మీది ప్రమాదానికి నార్మల్, అడ్వైజరీ, వాచ్, వార్నింగ్. విమానాలకు గ్రీన్, యెల్లో, ఆరెంజ్, రెడ్. 'వాచ్/ఆరెంజ్' అని కనబడగానే కొండ పేలిపోతోందని కంగారు పడనక్కర్లేదు. 2024 డిసెంబర్ 23న మొదలై విడతలుగా సాగిన లావా ఫౌంటెన్ల మధ్య విరామాల్లో కూడా ఆ స్థాయే ఉంచుతూ వచ్చారు.

ఇక అసలు సరుకు, వాలు గ్రాఫు. నేలలో బోరు వేసి దించిన టిల్ట్‌మీటర్ కొలిచే వాలును మైక్రోరేడియన్లలో ఇస్తారు. ఒక కిలోమీటరు పొడవున్న గట్టి కడ్డీ ఒక కొనను ఒక్క మిల్లీమీటరు ఎత్తితే వచ్చే వాలు ఒక మైక్రోరేడియన్. అంత సన్నని కొలత. శిఖరం మీద చూడాల్సినవి రెండు స్టేషన్లు: కాల్డెరా, అంటే శిఖరం కూలి ఏర్పడిన పెద్ద గుంట, దాని వాయవ్య అంచున ఊయెకహునా, నైరుతి వైపు శాండ్ హిల్. రెండు ఎందుకంటే, శిఖరం కింద గదులూ రెండున్నాయి. మొదటిది కాల్డెరాలోని హలేమాఉమాఉ గుంట కింద, ఒకట్రెండు కిలోమీటర్ల లోతులోనే ఉన్న గది. రెండోది దక్షిణ కాల్డెరా కింద, మూడు నుంచి ఐదు కిలోమీటర్ల లోతులో ఉన్న పెద్ద గది. ఊయెకహునా మొదటిదాని ఊపిరిని బాగా పట్టుకుంటుంది. శాండ్ హిల్‌లో రెండోదాని ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది. ఒక స్టేషన్ ఎక్కుతూ మరొకటి దిగుతుంటే మాగ్మా చోటు మారుతోందన్న అనుమానం రావాలి. రెండూ కలిసి నిదానంగా ఎక్కుతుంటే కింద నుంచి సరఫరా వచ్చి గదులు నిండుతున్నట్టు.

కొత్తగా చూసేవాళ్లు తప్పకుండా బోల్తాపడేది ఒకటుంది. వాలు ఉన్నట్టుండి కొన్ని మైక్రోరేడియన్లు జారిపోతుంది, ఒకట్రెండు రోజుల్లో మళ్లీ ఎగబాకి పాత చోటికి చేరుతుంది. ఇది కిలౌయాకు మామూలే. దీన్ని డీఐ ఈవెంట్ అంటారు, దిగి మళ్లీ ఉబ్బడం. పైగదిలోకి సరఫరా కాసేపు తగ్గి తిరిగి పుంజుకోవడం దీనికి కారణమని ఒక వివరణ. నిజంగా మాగ్మా రిఫ్ట్‌లోకి చొరబడితే మూడు సంకేతాలు ఒక్కసారి కనబడతాయి: శిఖరం వాలు నిటారుగా పడిపోతుంది, చిన్న భూకంపాల గుంపు రిఫ్ట్ వెంట ఒక దిశగా కదులుతుంది, ఆ దారిలో ఉన్న టిల్ట్‌మీటర్లు, జీపీఎస్ స్టేషన్లు కదులుతాయి. వాలు ఒక్కటే పడి మిగతా రెండూ మౌనంగా ఉంటే అది డీఐ అయ్యే అవకాశమే ఎక్కువ. భారీ వర్షాలు కూడా వాలు గీతను వంకర తిప్పుతాయి. అందుకే రెండు రోజుల గ్రాఫు పక్కన నెల గ్రాఫు కూడా తెరిచి పెట్టుకోవాలి. రెండు రోజుల గ్రాఫులో కొండలా కనబడింది నెల గ్రాఫులో పుట్టలా తేలుతుంది.

భూకంపాల మ్యాపు బాగుంది గానీ ఒక జాగ్రత్త అవసరం. లోతును నేల మట్టం నుంచి కొలిచారా, సముద్ర మట్టం నుంచి కొలిచారా అన్నది చూడాలి. కిలౌయా శిఖరం సముద్రానికి దాదాపు 1,100 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ తేడా మరిచిపోతే ఒకటిన్నర కిలోమీటర్ల లోతున్న గది ఎక్కడుందో లెక్క తప్పుతుంది. సున్నాకు కింది విలువ కనబడితే అది తప్పుడు అంకె కాదు, సముద్ర మట్టానికి పైన, కొండ కడుపులోనే జరిగిన భూకంపం.

ఈ సేవ విలువ తెలియాలంటే 2018 నాటి రికార్డు తీసి చదవాలి. పాత నోటీసులన్నీ సైటులో భద్రంగా ఉన్నాయి. రిఫ్ట్ విస్ఫోటనాలకు మాగ్మా కూర్పు, అది నడిచే గొట్టాల అమరిక ఎలా పగ్గాలు వేస్తాయో చూపించే పాఠం ఇంతకంటే పూర్తిగా మరెక్కడా దొరకదు.

అప్పటికి తూర్పు రిఫ్ట్‌లోని పుఉఓఓ అనే రంధ్రం 1983 నుంచీ లావా కక్కుతూనే ఉంది. 2018 మార్చి మధ్య నుంచి అక్కడ నేల ఉబ్బడం మొదలైంది. శిఖరంలోని లావా సరస్సు మట్టం కూడా పెరిగింది. అంటే దారి ఎక్కడో ఇరుకైంది, వెనక ఒత్తిడి పేరుకుంటోంది. ఏప్రిల్ 17 నోటీసులోనే కొత్త రంధ్రం తెరుచుకోవచ్చని హెచ్‌వీఓ రాసింది. నీళ్లు నమలకుండా రాసిన ఆ నోటీసు ఈ సేవకు దక్కాల్సిన మార్కుల్లో పెద్ద వాటా. ఏప్రిల్ 30న పుఉఓఓ గుంట అడుగు కూలిపోయింది. మాగ్మా డైకుగా, అంటే నిలువు పలకలా రాతిని చీల్చుకుంటూ తూర్పుకు సాగింది. భూకంపాలు దాని వెంటే నడిచాయి. మే 3న లెయిలాని ఎస్టేట్స్ అనే నివాస ప్రాంతం వీధుల్లో మొదటి పగులు తెరుచుకుంది. మర్నాడు 6.9 తీవ్రతతో భూకంపం. మొత్తం 24 ఫిషర్లు, అంటే లావా కక్కే పగుళ్లు, తెరుచుకున్నాయి.

ఇక్కడి నుంచి కూర్పు కథ. మొదటి ఫిషర్ల నుంచి వచ్చిన లావా చల్లగా, జిగటగా, మందకొడిగా ఉంది. చిమ్మింది, చిన్న గుట్టలు కట్టింది, ఎక్కువ దూరం పారలేదు. శిఖరం నుంచి అప్పుడే వచ్చిన మాగ్మా అయితే ఇలా ఉండదు. ఇది పాత రిఫ్ట్ విస్ఫోటనాల తర్వాత, బహుశా 1955 నాటిది, లోపల మిగిలిపోయి దశాబ్దాలుగా చల్లారుతూ ఉన్న సరుకు. బసాల్ట్ మాగ్మా చల్లారేటప్పుడు ముందు ఆలివిన్ స్ఫటికాలు కడుతుంది, ఆ తర్వాత పైరాక్సీన్, ప్లాజియోక్లేజ్. ఇవి మెగ్నీషియాన్ని, కాల్షియాన్ని పట్టుకుపోతాయి. మిగిలిన ద్రవంలో సిలికా, టైటానియం, పొటాషియం పాళ్లు పెరుగుతాయి. సిలికా పెరిగిన కొద్దీ, వేడి తగ్గిన కొద్దీ జిగట పెరుగుతుంది. కొత్త డైకు ఆ పాత నిల్వల్లోంచి దూసుకెళ్లి వాటిని ముందు బయటికి తోసింది.

మే నెల మధ్యలో తూర్పు కొసన తెరుచుకున్న ఫిషర్ 17 ఇంకా విడ్డూరం. అందులో వచ్చింది యాండెసైట్, అంటే బసాల్ట్ కంటే సిలికా ఎక్కువున్న లావా. కిలౌయాలో అంతకుముందు ఎన్నడూ నమోదుకాని రకం. ఇంత సిలికా ఉన్న ద్రవంలో వాయు బుడగలు తేలిగ్గా తప్పించుకోలేవు, పోగై ఒక్కసారి పగులుతాయి. అందుకే అక్కడ ఫౌంటెన్లతో పాటు తుపాకీ దెబ్బల్లాంటి పేలుళ్లు, గాల్లోకి ఎగిరిన లావా ముద్దలు. పక్కపక్కనే ఉన్న ఫిషర్లు, ఒకే డైకు, అయినా ప్రవర్తన పూర్తిగా వేరు. తేడా కూర్పులోనే ఉంది. ఇలాంటి మాగ్మా ఆ నేల కింద ఉంటుందనడానికి ముందే ఒక ఆధారం దొరికింది. 2005లో అదే ప్రాంతంలోని భూతాప విద్యుత్ కేంద్రం బావి తవ్వుతుండగా సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతులో డ్రిల్లు కరిగిన డేసైట్‌కు తగిలింది. సిలికా 67 శాతం దాకా ఉన్న ద్రవం అది.

మే మూడో వారానికి లావా స్వభావం మారిపోయింది. వేడి పెరిగింది, జిగట తగ్గింది, వేగంగా పారి సముద్రం చేరింది. మే 28 నుంచి ఫిషర్ 8 ఒక్కటే పెత్తనం తీసుకుంది. ఇప్పుడు దాని పేరు అహుఐలాఔ. దాని కాలువ దాదాపు 13 కిలోమీటర్లు పారి సముద్రంలో కలిసింది. ఈ మలుపును ముందుగా పట్టుకున్నది హిలోలోని హవాయి విశ్వవిద్యాలయం ప్రయోగశాల, హెచ్‌వీఓ కలిసి చేసిన పని. క్షేత్రంలో లావా ముద్దను నీళ్లలో ముంచి చప్పున గడ్డకట్టించి, ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రంలో పెట్టి, వెంటనే కూర్పు చూశారు. మామూలుగా వారాలు, నెలలు పట్టే పని అది. పాత నిల్వ అయిపోతోంది, వేడి మాగ్మా వెనకే వస్తోందన్న సంగతి లావా ఊళ్లను మింగకముందే తెలియడానికి ఇదే కారణం.

ఈ లెక్కను ఇంట్లో కూర్చుని ఎవరైనా వేసుకోవచ్చు. చప్పున గడ్డకట్టిన లావాలో స్ఫటికాల మధ్య ఉండే గాజులో మెగ్నీషియం ఆక్సైడ్ శాతం తెలిస్తే చాలు. కిలౌయా కోసం 1987లో హెల్జ్, థార్న్‌బర్ ఇచ్చిన సూత్రం: ఆ శాతాన్ని 20.1తో గుణించి 1,014 కలిపితే ఉష్ణోగ్రత సెల్సియస్‌లో వస్తుంది. గాజులో మెగ్నీషియం ఆక్సైడ్ 4.5 శాతం ఉంటే సుమారు 1,104 డిగ్రీలు. 6.5 శాతం ఉంటే 1,145 డిగ్రీలకు కాస్త అటూఇటూ. 2018లో తొలి లావాకూ ఫిషర్ 8 లావాకూ మధ్య తేడా రమారమి ఇంతే. నలభై డిగ్రీలు చిన్న తేడాగా అనిపించొచ్చు. ఆ కాస్త చల్లారేలోపు స్ఫటికాలు గుంపులుగా కడతాయి కాబట్టి ప్రవాహం మీద దాని ప్రభావం చాలా ఎక్కువ. సూత్రాన్ని వాడేటప్పుడు జరిగే పెద్ద తప్పు, గాజు విశ్లేషణకు బదులు మొత్తం రాయి విశ్లేషణలోని మెగ్నీషియం వేయడం. రాయిలో ఆలివిన్ గింజలు కలిసి ఉంటాయి, వాటిలో మెగ్నీషియం దండిగా ఉంటుంది, లెక్క లేనిపోని వేడి చూపిస్తుంది. నమూనా నిదానంగా చల్లారినా లెక్క చెడుతుంది. అప్పుడు గాజు మిగలదు, మిగిలినా అసలు కూర్పు చూపించదు.

గొట్టాల సంగతికి వస్తే, 2018 ఇంకా చాలా నేర్పుతుంది. శిఖరం 1,100 మీటర్ల ఎత్తులో, లెయిలాని అంతకంటే సుమారు 800 మీటర్లు కిందన. మేడమీద ట్యాంకు, కింద వీధి కుళాయి అనుకుంటే సరిపోతుంది. మాగ్మా సాంద్రత నీటికి రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి ఆ ఎత్తు తేడా ఒక్కటే సుమారు 20 మెగాపాస్కల్స్ ఒత్తిడి ఇస్తుంది. అంటే 200 వాతావరణ పీడనాలంత. అంత ఒత్తిడి వెనక ఉండి, గొట్టం వెడల్పుగా తెరుచుకుని, ద్రవం పలచగా ఉంటే మూడు నెలలు ఆగకుండా పారడంలో వింతేముంది. శిఖరం గది ఖాళీ అవుతున్న కొద్దీ దాని పైకప్పు నిలవలేక కూలింది. ఆ గదిలోని మాగ్మాలో నాలుగు శాతం లోపే బయటికి పోయేసరికి కూలడం మొదలైందని తర్వాతి పరిశోధన లెక్కకట్టింది. గది పూర్తిగా ఖాళీ అయితేనే కాల్డెరా కూలుతుందని చదువుకున్నవాళ్లు ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆగస్టు మొదటి వారం దాకా 62 సార్లు కూలింది. కాల్డెరా అడుగు కొన్ని చోట్ల 500 మీటర్లకు పైగా దిగిపోయింది.

కూలిన ప్రతిసారీ పైకప్పు బరువు పిస్టన్‌లా గది మీద నొక్కింది. ఆ ఒత్తిడి 40 కిలోమీటర్ల గొట్టం దాటి, నిమిషాల్లోనే ఫిషర్ 8 దగ్గర లావా ఉద్ధృతి పెంచడం మొదలుపెట్టింది. ఉద్ధృతి గరిష్ఠానికి చేరేసరికి కొన్ని గంటలు పట్టేది. ఇదికాక నిమిషాల లెక్కన వచ్చిపోయే చిన్న హెచ్చుతగ్గులు వేరుగా ఉన్నాయి. అవి రంధ్రం దగ్గర వాయువు తప్పించుకోవడం వల్ల వచ్చినవి. ఒకే కాలువలో రెండు లయలు, ఒకటి దూరపు గదిది, ఒకటి నోటి దగ్గరి వాయువుది. కట్టలు తెంచుకుని లావా పక్కకు పొంగడం పెద్ద ఉద్ధృతి వచ్చిన గంటల్లోనే ఎక్కువ. అప్పటి బులెటిన్లలో 'శిఖరంలో కూలిక జరిగింది' అన్న వాక్యం లెయిలాని చుట్టుపక్కల వాళ్లకు ప్రాణావసరమైన సమాచారం అయింది అందుకే. చివరికి 700కు పైగా ఇళ్లు పోయాయి, 35 చదరపు కిలోమీటర్ల నేల లావా కింద పడింది. ఆ కూలికల్లోనే హెచ్‌వీఓ సొంత భవనం కూడా దెబ్బతింది. సిబ్బంది హిలోకి మారి బులెటిన్ ఆపకుండా పని నడిపారు. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి.

ఇప్పటి సేవకు వస్తే, 2024 డిసెంబర్ నుంచి హలేమాఉమాఉలో విడతలుగా లేచిన ఫౌంటెన్లు వాలు గ్రాఫు చదవడం నేర్చుకోవడానికి దొరికిన బంగారం లాంటి అవకాశం. గీత రంపపు పళ్లలా కనిపిస్తుంది. విరామంలో రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి నిదానంగా ఎక్కుతుంది. ఫౌంటెన్ లేవగానే గంటల్లో పది నుంచి ముప్పై మైక్రోరేడియన్లు పడిపోతుంది. గది పాత మట్టానికి తిరిగి ఉబ్బిందంటే తర్వాతి విడత దగ్గర పడినట్టు. అందుకే బులెటిన్‌లో ఫలానా తేదీల మధ్య అని ఒక అంచనా ఇస్తారు. అంచనా తప్పేది ఎక్కడంటే, మధ్యలో ఒక డీఐ వచ్చి ఉబ్బడం ఆగినప్పుడు. అప్పుడు తేదీలు వెనక్కి జరుగుతాయి. దీన్ని సేవ లోపంగా తీసుకోవడం అన్యాయం. గది నిండే వేగం మారితే తేదీ మారాల్సిందే.

ఫౌంటెన్‌కి ముందు గంటల్లో, రోజుల్లో కెమెరాలో చిన్న పొంగులు కనిపిస్తాయి. లావా రంధ్రం అంచుదాకా వచ్చి, వాయువు ఒక్కసారి వదిలి, మళ్లీ లోపలికి జారిపోతుంది. దీన్ని గ్యాస్ పిస్టనింగ్ అంటారు. గొట్టం పైభాగంలో వాయువు తగ్గిన బరువైన లావా మూతలా కూర్చుని ఉంటుంది. దాన్ని తొలగించుకునే ప్రయత్నమే ఈ పొంగులు. మూత పోయిందా, కింద వాయువు దండిగా ఉన్న లావా ఒక్కసారి నురగై 300 మీటర్ల పైకి కూడా లేస్తుంది. లైవ్ కెమెరాలు వేర్వేరు కోణాల నుంచి చూపిస్తాయి. 2025 డిసెంబర్‌లో ఒక విడత ఫౌంటెన్ వాలుగా చిమ్మి వి3 అనే కెమెరాను కప్పేసింది. చివరి క్షణం దాకా ఆ కెమెరా ప్రసారం చేస్తూనే ఉంది. ఆ దృశ్యంలో రాలిన రాళ్ల పరిమాణం, కోణం చూస్తే, రంధ్రం ఆకారం కాస్త మారినా ఫౌంటెన్ దిశ ఎంత మారుతుందో అర్థమవుతుంది.

సల్ఫర్ డయాక్సైడ్ అంకెలను రోజువారీ గ్రాఫులా ఆశించొద్దు. కొలత తీసిన రోజునే అంకె ఉంటుంది. విరామంలో రోజుకు వెయ్యి టన్నుల చిల్లర ఉండేది ఫౌంటెన్ సమయంలో 50 వేల నుంచి లక్ష టన్నులకు పోతుంది. 2018లో ఫిషర్ 8 ఉద్ధృతంగా ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువ. ఈ అంకె చదివేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. కార్బన్ డయాక్సైడ్ చాలా లోతులోనే మాగ్మాను వదిలిపోతుంది. సల్ఫర్ డయాక్సైడ్ మాత్రం పైకొచ్చాక, చివరి కొన్ని వందల మీటర్లలో వదులుతుంది. కాబట్టి ఇది తక్కువగా ఉందంటే మాగ్మా లేదని కాదు, ఉపరితలానికి దగ్గరగా లేదని మాత్రమే. 2024 ఆరంభంలో శిఖరానికి నైరుతిన మాగ్మా చొరబడి, నేల పగిలి, వరసగా భూకంపాలు వచ్చినా లావా బయటపడలేదు. అదే సంవత్సరం జూన్ 3న నైరుతి రిఫ్ట్‌లో, సెప్టెంబర్ 15న తూర్పు రిఫ్ట్‌లోని నాపౌ దగ్గర మాత్రం బయటికొచ్చింది. లోపల ఆగిపోయిన చొరబాటు కూడా దండగ కాదు. అదే ఫిషర్ 17 లాంటి సరుకుకు రేపటి ముడిసరుకు, దశాబ్దాలపాటు చల్లారడానికి మిగిలిపోతుంది.

పోల్చడానికి ఐస్‌లాండ్ వాతావరణ సంస్థ సేవ ఉంది. అక్కడ గ్రిండవీక్ ఊరి పక్కన స్వార్ట్‌సెంగి ప్రాంతం కింద నాలుగైదు కిలోమీటర్ల లోతులో మాగ్మా పోగవుతుంది, హద్దు దాటగానే సుండ్‌హ్నూకుర్ పగుళ్ల వరసలోకి డైకుగా దూకుతుంది. 2023 డిసెంబర్ నుంచి 2025 జులై దాకా తొమ్మిది సార్లు లావా వచ్చింది. ఎన్ని మిలియన్ ఘనపు మీటర్లు పోగైంది, గత విడతకు ముందు ఎంత పోగైంది అన్న లెక్కను ఐస్‌లాండ్ వాళ్లు పాఠకుడి ముందు పెట్టే తీరు హెచ్‌వీఓ వాలు గ్రాఫు కంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఘనపరిమాణం అందరికీ తెలుసు, మైక్రోరేడియన్ తెలియదు. ఈ ఒక్క విషయంలో హెచ్‌వీఓ వాళ్ల నుంచి నేర్చుకోవచ్చు. కెమెరాలు, పాత రికార్డు, వివరించే వ్యాసాల్లో మాత్రం హవాయిదే పైచేయి.

భాష దగ్గర ఇబ్బంది కొంత ఉంది. అజిముత్, ట్రెమర్, టెఫ్రా లాంటి మాటలు వివరణ లేకుండా వస్తాయి. మొదటి నెలరోజులు నిఘంటువు పేజీ పక్కన తెరిచి ఉంచుకోవాలి. డిగ్రీ, పీజీ జియాలజీ చదివేవాళ్లకు ఇది సమస్య కాదు, మేలు కూడా. రాజమండ్రి పక్కన కాటేరు, గోదావరికి అవతల పంగిడి క్వారీల్లో కనబడే నల్ల బసాల్ట్ దక్కన్ ట్రాప్స్ కాలపు లావా. దాన్ని పలక చేసి సూక్ష్మదర్శిని కింద పెట్టి ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్ గుర్తుపట్టే విద్యార్థికి, అవే స్ఫటికాలు ఇప్పుడే కట్టిన రాతి వివరాలు ఈ సైటులో దొరుకుతాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లనాటి రాయిలో గొట్టాలు ఎలా ఉండేవో ఊహించాలి. ఇక్కడ వాలు గీతలో అవి పనిచేయడం చూడొచ్చు.

అమెరికాలో ఉండి పెద్ద దీవికి వెళ్లాలనుకునే తెలుగువాళ్లకు ఒక మాట. టికెట్లు ముందే కొనాలి కాబట్టి ఫౌంటెన్ తేదీని నమ్ముకుని ప్రయాణం వేయడం కుదరదు. ఒక్కో విడత తరచు ఒక్కరోజు కూడా నిలవదు. దీవిలో దిగాక రోజూ ఊయెకహునా గీత, బులెటిన్‌లోని అంచనా, కెమెరాలో పొంగులు, ఈ మూడూ చూస్తూ ఆ పూట బయల్దేరాలా వద్దా నిర్ణయించుకోవాలి. గాలి వాటం కూడా బులెటిన్‌లోనే ఉంటుంది. ఫౌంటెన్ నుంచి గాలి వీచే దిశలో నిలబడితే పెలే జుట్టు అనే సన్నని గాజు దారాలు, తేలికైన లావా తునకలు మీద పడతాయి, కళ్లలో పడితే ప్రమాదం. ఆస్తమా ఉన్నవాళ్లు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ రోజు సల్ఫర్ డయాక్సైడ్ గాలి నాణ్యత పేజీ చూశాకే పార్కులోకి వెళ్లాలి. ఆ పేజీకి లింకు కూడా బులెటిన్ అడుగునే దొరుకుతుంది.